అడవికి పంపితే దారికొస్తారా?

మాట వినని పిల్లల్ని ఏం చేయాలన్న ప్రశ్నకు అమెరికాలో దశాబ్దాలుగా ఒక జవాబు అమ్ముడుపోతోంది: అడవికి పంపండి. బడి మానేసినవాళ్లు, మత్తుకు అలవాటుపడ్డవాళ్లు, చేతులు కోసుకునేవాళ్లు, గది తలుపేసుకుని నెలల తరబడి ఎవరితోనూ మాట్లాడనివాళ్లు ఇందులో ఉంటారు. ఎక్కువమంది పదమూడు నుంచి పదిహేడేళ్ల లోపువాళ్లే. వాళ్లను యూటా ఎడారిలోనో నార్త్ కరోలినా కొండల్లోనో రెండు మూడు నెలలు ఉంచుతారు. ఫోను ఉండదు, గడియారం ఉండదు. వీపున మూట, తలమీద టార్పాలిన్, తినడానికి అన్నం, పప్పు. ఖర్చు రోజుకు కొన్ని వందల డాలర్లు. దీన్నే వైల్డర్‌నెస్ థెరపీ అంటారు. తాళ్లతో కొండలెక్కడం, పడవ నడపడం వంటివాటిని కౌన్సెలింగ్‌తో కలిపి చేస్తే అడ్వెంచర్ థెరపీ అంటారు. రెండింటికీ మధ్య గీత సన్నగానే ఉంటుంది. దీనివల్ల బతుకు బాగుపడిందని చెప్పేవాళ్లున్నారు. ఇదే తమ బతుకులో అతిపెద్ద గాయమని చెప్పేవాళ్లూ ఉన్నారు. ప్రాణాలు పోగొట్టుకున్న పిల్లలూ ఉన్నారు. కాబట్టి ఈ విషయాన్ని మొదటినుంచీ చూడాలి.

మూలాలు వెతికితే 1901 దాకా వెళ్లొచ్చు. న్యూయార్క్‌లోని మాన్‌హట్టన్ స్టేట్ హాస్పిటల్‌లో క్షయ సోకిన మానసిక రోగులను వేరుగా ఉంచాల్సి వచ్చి ఆసుపత్రి ఆవరణలోనే గుడారాలు వేశారు. అంటు ఆపడానికి చేసిన ఏర్పాటు అది. కానీ గుడారాల్లోకి మారిన కొందరిలో ఒంటితోపాటు మనసూ తేరుకోవడం డాక్టర్ల కంటబడింది. తిరిగి వార్డుల్లోకి చేర్చాక కొందరిలో ఆ మెరుగు నిలవలేదు. నూట పాతికేళ్ల కిందట అక్కడ తలెత్తిన చిక్కే ఈ రంగాన్ని ఇవాళ్టికీ వేధిస్తోంది. బయట కనిపించిన మార్పు ఇంటికొచ్చాక ఎన్నాళ్లుంటుంది?

అసలు పునాది వేసినవాడు కుర్ట్ హాన్. బెర్లిన్‌లో పుట్టిన యూదు కుటుంబీకుడు, ఉపాధ్యాయుడు. 1920లో జర్మనీలో సాలెం బడి పెట్టాడు. హిట్లర్‌ను బహిరంగంగా వ్యతిరేకించి 1933లో అరెస్టయ్యాడు. తర్వాత బ్రిటన్ చేరి 1934లో స్కాట్లండ్‌లో గోర్డన్‌స్టన్ బడి ప్రారంభించాడు. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ జలాంతర్గాములు బ్రిటిష్ సరుకు ఓడలను ముంచుతున్నప్పుడు ఓడల యజమాని లారెన్స్ హోల్ట్ ఒక సంగతి గమనించాడు. లైఫ్‌బోట్లలో పడ్డాక ఒంట్లో బలమున్న కుర్రాళ్లకంటే ముదురు నావికులే ఎక్కువగా బతికి బయటపడుతున్నారు. కుర్రాళ్లకు కొరవడింది కండబలం కాదని, కష్టాన్ని తట్టుకున్న అనుభవమని హోల్ట్‌కూ హాన్‌కూ అర్థమైంది. 1941లో వేల్స్ తీరాన అబర్‌డవీలో ఇద్దరూ కలిసి అవుట్‌వర్డ్ బౌండ్ మొదలుపెట్టారు. అది ఒక నెలరోజుల శిక్షణ: సముద్రం, కొండ, రెస్క్యూ పని. హాన్‌కు ఇందులో చికిత్స అన్న ఆలోచన లేదు. తనమీద ఇంకొకరు ఆధారపడ్డారని తెలిసినప్పుడు కుర్రవాడు నిలబడతాడన్నది ఆయన నమ్మకం. ఆ తర్వాత వచ్చిన మంచి అంతటికీ మూలం ఇక్కడే ఉందని నేననుకుంటాను.

1960లలో అవుట్‌వర్డ్ బౌండ్ అమెరికాకు వెళ్లింది. మసాచుసెట్స్‌లో ఫ్రాన్సిస్ కెల్లీ, డేనియల్ బేర్ అనే ఇద్దరు ఒక ప్రయోగం చేశారు. ఈ రంగంలో ఇంత శుభ్రంగా జరిగిన పరిశోధనలు తర్వాత కూడా చాలా తక్కువ. నేరాలు చేసి బాల నేరస్థుల వ్యవస్థలోకి వచ్చిన 120 మంది కుర్రాళ్లను తీసుకుని 60 మందిని అవుట్‌వర్డ్ బౌండ్‌కు పంపారు, మిగతా 60 మందిని మామూలు పద్ధతిలోనే నడిపించారు. ఏడాది తిరిగేసరికి మామూలు గుంపులో 42 శాతం మంది మళ్లీ నేరంలోకి జారితే, కొండలెక్కి వచ్చినవాళ్లలో జారినవాళ్లు 20 శాతమే. అందరూ ఈ లెక్క దగ్గరే ఆగిపోతారు. అయిదేళ్ల తర్వాత మళ్లీ లెక్క తీస్తే 53కు 38గా తేలింది. తేడా సన్నబడింది. గణాంకశాస్త్రం ప్రకారం గట్టిగా చెప్పగలిగినంత మిగల్లేదు. నెలరోజుల అనుభవం ఏడాదిపాటు కాపాడిందంటే చిన్న విషయం కాదు. కానీ అదే వీధికి, అదే ఇంటికి, అదే స్నేహితుల దగ్గరకు తిరిగొచ్చిన కుర్రాణ్ని ఆ ఒక్క నెల జీవితాంతం మోయలేదు.

ఇంచుమించు అదే కాలంలో యూటాలో ఇంకో పాయ మొదలైంది. 1968లో బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయంలో లారీ డీన్ ఓల్సన్ చదువులో వెనకబడ్డ విద్యార్థుల్ని ఎడారిలోకి తీసుకెళ్లడం ప్రారంభించాడు. ఆదివాసుల బతుకు నైపుణ్యాలు నేర్పడం ఆయన పద్ధతి. వాటిలో తలమానికం నిప్పు రాజేయడం. వంగిన కర్రకు తాడు కట్టి విల్లు చేస్తారు. తాడు మధ్యలో ఒక పుల్లను మెలివేసి నిలబెట్టి, పైన అరచేతిలో బిళ్లతో అదిమిపట్టి, కింద మెత్తటి చెక్కలో తొలిచిన గుంటలో తిప్పుతారు. మన యాగాల్లో అరణి మథించడం చూసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. మొదట్లో పుల్ల ఎగిరిపోతుంది, తాడు జారిపోతుంది, అరచేతులు బొబ్బలెక్కుతాయి. చివరికి ఎప్పుడో గుంట పక్కన నల్లటి పొడి పోగై, అందులోంచి సన్నటి పొగ లేస్తుంది. ఆ కణికను ఎండు బెరడు పీచులో పొదివి మెల్లగా ఊదాలి. కంగారుపడితే ఆరిపోతుంది, ఆలస్యం చేస్తే చల్లారిపోతుంది. బళ్లో ఏదీ చేతకాదనిపించుకున్న పిల్లాడి అరచేతుల మధ్య మంట లేచినప్పుడు వాడి ముఖంలో వచ్చే వెలుగు నిజం. దాన్ని చూసి ఈ పనికి జీవితాన్ని అంకితం చేసిన మంచి గైడ్లు ఎందరో ఉన్నారు.

ఇదే నిప్పును శిక్షగా మార్చడమూ అంతే సులువు. నిప్పు రాజేయలేకపోతే ఆ పూట వేడి తిండి లేదు, నానబెట్టిన గింజలే అన్నారనుకోండి. నేర్చుకోవడానికి ఇచ్చిన పని ఆ క్షణంలోనే ఆకలితో లొంగదీసే ఆయుధమైపోతుంది. పిల్లాడు చేసే పని మారలేదు. ఇచ్చేవాడి ఉద్దేశం, కాదనే వీలు మాత్రం మారాయి.

1980ల చివరికొచ్చేసరికి ఇది వ్యాపారంగా మారింది. స్టీవ్ కార్టిసానో అనే మాజీ సైనికుడు 1988లో యూటాలో చాలెంజర్ అనే శిబిరం తెరిచి, టీవీ షోల్లో తిరిగి ప్రచారం చేసుకున్నాడు. 1990 వేసవిలో అక్కడికొచ్చిన 16 ఏళ్ల అమ్మాయి ఎండలో నడిచి నడిచి వడదెబ్బతో చనిపోయింది. నిర్లక్ష్యం కేసులో జ్యూరీ ఆయన్ని నిర్దోషిగా వదిలేసింది. యూటా ప్రభుత్వం నిబంధనలు తెచ్చింది. అయినా 1994లో అదే రాష్ట్రంలో మరో సంస్థ చేతిలో 16 ఏళ్ల కుర్రాడు పొట్టలో పుండు పగిలి చనిపోయాడు. కడుపునొప్పి అని వారాల తరబడి చెబుతూనే ఉన్నాడు. బరువు కరిగిపోయి నడవలేని స్థితికి వచ్చినా, నటిస్తున్నాడనే అన్నారు.

2007 అక్టోబరులో అమెరికా కాంగ్రెస్‌కు జవాబుదారీగా ఉండే ఆడిట్ సంస్థ జీఏఓ ఒక నివేదిక ఇచ్చింది. 1990 నుంచి 2004 మధ్య ఇలాంటి ప్రైవేటు కార్యక్రమాల్లో జరిగిన పది మరణాలను అది పరిశీలించింది. శిక్షణలేని సిబ్బంది, చాలీచాలని తిండి, బాధ్యత లేని నిర్వహణ అన్నీ అందులో ఉన్నాయి. ఒక్క 2005లోనే 33 రాష్ట్రాల వసతి కార్యక్రమాల్లో పిల్లల్ని హింసించిన ఘటనలతో 1,619 మంది సిబ్బందికి సంబంధం ఉన్నట్టు లెక్క చెప్పింది. ఆ నివేదికలో నన్ను కుదిపేసింది అంకెలు కాదు. కేసు తర్వాత కేసులో ఒకటే వరస: పిల్ల నీళ్లు కావాలంది, కళ్లు తిరుగుతున్నాయంది, ఊపిరాడడం లేదంది, పెద్దవాళ్లు అబద్ధమనుకున్నారు. ఆ శిబిరానికి రాకముందే వాళ్లకు పెట్టిన పేరు అదే కదా: అబద్ధాలకోరు, మాయలమారి, నాటకాలాడే మనిషి. కన్నవాళ్లే రాసిచ్చిన దరఖాస్తుల్లో ఆ మాటలుంటాయి. అలా ముద్రపడ్డ పిల్లాడు నిజంగా చచ్చిపోతున్నా నిరూపించుకోవడానికి వాడి దగ్గర ఇంకేముంటుంది?

అక్కడికి చేర్చే తీరు కూడా దీనికి తగ్గట్టే ఉంటుంది. తెల్లవారుజామున ముక్కూమొహం తెలియని ఇద్దరు గదిలోకి వచ్చి, నిద్రలేపి, మాతో వస్తావా, కట్టేసి తీసుకెళ్లమంటావా అంటారు. అమ్మానాన్నలు పక్కగదిలోనో గుమ్మం దగ్గరో నిలబడి ఉంటారు. ఈ పనికి ప్రత్యేకంగా కంపెనీలున్నాయి, దానికి వేరే ఫీజు. బతికి బయటపడ్డవాళ్లు దీన్ని గూనింగ్ అంటారు. రాత్రిళ్లు పారిపోకుండా బూట్లు లాక్కోవడం, ఇంటికి రాసే ఉత్తరాలు చదవడం మామూలు విషయాలు. 2024 ఫిబ్రవరిలో నార్త్ కరోలినాలోని ఒక శిబిరంలో 12 ఏళ్ల పిల్లవాడు చేరిన మర్నాటికే చనిపోయాడు. రాత్రి వాణ్ని పడుకోబెట్టిన సంచి గుడారంలో ఊపిరాడక పోయాడని, మరొకరి చర్యలవల్ల జరిగిన మరణమని వైద్య పరీక్షకులు తేల్చారు. ఆ శిబిరం లైసెన్సు రద్దయింది. పేరున్న మరికొన్ని సంస్థలు కూడా ఇటీవల మూతపడ్డాయి. ఇలాంటి సంస్థల్లోనే కౌమారం గడిపిన టీవీ తార పారిస్ హిల్టన్ ఏళ్లతరబడి పోరాడాక, 2024 డిసెంబరులో ఒక ఫెడరల్ చట్టం వచ్చింది. అది ప్రధానంగా అధ్యయనానికి, సమాచార సేకరణకు సంబంధించింది. దేశమంతటికీ ఒకే భద్రతా ప్రమాణం పెట్టాలన్న బిల్లు 2008లోనూ 2009లోనూ ప్రతినిధుల సభలో నెగ్గి సెనేట్‌లో ఆగిపోయింది. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందాన్ని ఇప్పటికీ ఆమోదించని సభ్యదేశం అమెరికా ఒక్కటే. ఈ రెండు సంగతులనూ కలిపే చూడాలి.

ఇది అమెరికాకే పరిమితమైన జబ్బు కాదు. జపాన్‌లో హిరోషి తొత్సుకా అనే నావికుడు పెట్టిన పడవల బడి, బడికి వెళ్లని పిల్లల్ని దారిలో పెడతానని పేరు తెచ్చుకుంది. 1979 నుంచి 1982 మధ్య అక్కడ పిల్లలు చనిపోయారు, కొట్టినట్టు రుజువైంది, తొత్సుకాకు ఆరేళ్ల శిక్ష పడింది. జైలునుంచి వచ్చాక కూడా ఆయన పద్ధతిని సమర్థించే తల్లిదండ్రులు మిగిలారు. ఈ చివరి వాక్యమే అన్నిటికంటే ఆలోచించాల్సింది.

ఇక పరిశోధనలు ఏమంటున్నాయి? శాండ్రా విల్సన్, మార్క్ లిప్సీ 2000లో నేరబాటపట్టిన పిల్లలమీద 28 అధ్యయనాలను కలిపి చూశారు. ఇలాంటి కార్యక్రమాలకు వెళ్లినవాళ్లలో 29 శాతం, వెళ్లనివాళ్లలో 37 శాతం మళ్లీ నేరం చేశారు. ఒళ్లు వంచి చేసే పని, అసలైన కౌన్సెలింగ్ ఉన్నచోట ఫలితం మెరుగ్గా ఉంది. రోజులు పెంచితే ఫలితం పెరగలేదు. పది వారాలు దాటినవి ఇంకా తక్కువ పనిచేశాయి. రోజుకింత అని వసూలు చేసే వ్యాపారానికి ఇది చేదు వార్త. ఆస్ట్రేలియాకు చెందిన డేనియల్ బోవెన్, జేమ్స్ నీల్ 2013లో 197 అధ్యయనాలను కలిపి చూసి, కార్యక్రమం ముగిసేనాటికి ఓ మోస్తరు మేలు కనిపిస్తోందన్నారు. మేలు ఉందన్నమాట నిజమే. కానీ ఈ రంగంలో చాలా అధ్యయనాల్లో పోల్చి చూడటానికి రెండో గుంపు ఉండదు. బాగున్నానా లేదా అని పిల్లాణ్నే అడుగుతారు. బాగున్నానంటేనే ఇంటికి పంపుతారని తెలిసిన పిల్లాడు ఏమంటాడు? ఈ శిబిరాలు నడిపే సంస్థల సమాఖ్యే డబ్బిచ్చి చేయించిన పరిశోధనలు, తామే నమోదు చేసుకున్న ప్రమాదాల లెక్కలు ఎక్కువ. వాటిని కొట్టిపారేయనక్కర్లేదు, కానీ బయటివాళ్లు తూచేదాకా తూకం పూర్తయినట్టు కాదు. సైనిక శిక్షణలా అరుపులతో, దండనలతో నడిపే బూట్ క్యాంపుల సంగతి మాత్రం తేలిపోయింది. వాటివల్ల నేరాలు తగ్గవని పదేపదే రుజువైంది.

మరి మేలు చేసేది ఏది? ఒక తాడు పని దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది. బండ ఎక్కుతున్న కుర్రాడి నడుముకు తాడు ఉంటుంది. రెండో కొస కింద ఇంకో కుర్రాడి చేతిలో. పైవాడు కదిలేకొద్దీ కిందవాడు తాడు లాగుతూ బిగుతు చూసుకోవాలి. పైవాడి కాలు జారితే కిందవాడి చేయే ఆపాలి. ఇంట్లో, బళ్లో, స్టేషన్లో ఎవరూ నమ్మని కుర్రాడి చేతిలో తోటివాడి ప్రాణం పెట్టారు. వాడు కళ్లు తిప్పడు. దిగివచ్చాక కౌన్సెలర్ పక్కన కూర్చుని, పైన చేతులు వణికినప్పుడు ఏమనుకున్నావు, ఇంతకుముందు ఎప్పుడు అలా అనిపించింది అని అడుగుతాడు. నాలుగు గోడల మధ్య ఆరు నెలలు అడిగినా రాని మాట అక్కడ వస్తుంది. ఒళ్లు అలిసి ఉంటుంది, ఎదురెదురుగా కూర్చుని కళ్లలోకి చూడాల్సిన ఇబ్బంది ఉండదు, చేసి వచ్చిన పని కళ్లముందే ఉంటుంది. ఇదంతా జరగాలంటే ఒక షరతుంది. నేను ఎక్కను అనే హక్కు ఆ కుర్రాడికి ఉండాలి. అడ్వెంచర్ థెరపీ తెలిసినవాళ్లు తొలిరోజే చెప్పేది ఇదే.

ఆ షరతు పాటించి నడిచినవి, నడుస్తున్నవి ఉన్నాయి. నార్వేలో సోర్లాండే ఆసుపత్రి పిల్లల మానసిక వైద్యంలో భాగంగా కొన్ని వారాల ఆరుబయటి చికిత్స నడిపింది. ఇష్టపడ్డవాళ్లే వచ్చేవారు. ఒకటి రెండు రాత్రులు అడవిలో గడిపినా మళ్లీ ఇంటికే వెళ్లేవారు, అదే ఆసుపత్రిలో చికిత్స సాగేది. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ చుట్టూ ఉన్న పేటల్లో వేవ్స్ ఫర్ చేంజ్ సంస్థ హింస మధ్య పెరిగే పిల్లలకు వారం వారం సర్ఫింగ్ నేర్పుతుంది. నేర్పేది ఆ పేటల యువతే. పిల్లలు ఎక్కడో వదిలేయబడరు, సాయంత్రానికి ఇంట్లో ఉంటారు, వచ్చేవారం అదే అన్న అక్కడే ఉంటాడు. గతంలో ఈ శిబిరాల్లో పనిచేసి, ఇప్పుడు బలవంతపు తరలింపును గట్టిగా ఎదిరిస్తున్న విల్ డోబుడ్, నెవిన్ హార్పర్ లాంటివాళ్ల వాదన కూడా ఇదే: చికిత్స అన్నాక రోగి ఒప్పుకోవాలి, పిల్లలైనా సరే. నా తీర్పు వాళ్ల పక్షమే. బలవంతంగా తీసుకెళ్లే శిబిరంలో ఎంత మంచి థెరపిస్టు ఉన్నా దాన్ని చికిత్స అనకూడదు.

ఇంత దూరపు కథ మనకెందుకంటే, ఇందులో ఒక వెలుగు మన దగ్గరే ఉంది. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. ఆమెతోపాటు సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎక్కాడు. నిజామాబాద్, ఖమ్మం జిల్లాల పేద పిల్లలు. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదువుకుంటూ, భువనగిరి గుట్ట మీద తాడు పట్టడం నేర్చి, డార్జిలింగ్ వెళ్లి, లడఖ్ చలిలో సాధన చేసి టిబెట్ వైపునుంచి శిఖరం చేరారు. వాళ్లు దారితప్పిన పిల్లలు కాదు, అది చికిత్సా కాదు. కానీ ప్రభుత్వ గురుకులం, ఎక్కడానికి ఒక బండ, పని తెలిసిన కోచ్ ఉంటే ఏం సాధ్యమో అది చూపించింది. శిఖరం అందరికీ అక్కర్లేదు. ఆ గుట్ట మొదటి యాభై అడుగులు చాలు.

మన దగ్గర ప్రమాదం కూడా ఉంది. మొక్కై వంగనిది మానై వంగునా అంటూ వంచడమే పెంపకం అనుకునే అలవాటు మనది. మార్కులు తగ్గితే ఇంకా కఠినమైన హాస్టల్, మత్తు అలవాటైతే తాళాలేసిన డీఅడిక్షన్ సెంటర్ అనే ఆలోచన ఇళ్లలో తేలిగ్గా వస్తుంది. యూటా శిబిరాన్ని యథాతథంగా దిగుమతి చేసుకుంటే కొనేవాళ్లకు కొదవుండదనే నా భయం. మనకున్న రక్షణ తక్కువదేం కాదు. బాలల హక్కుల ఒప్పందాన్ని భారత్ 1992లోనే ఒప్పుకుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మైనర్‌ను మానసిక వైద్యశాలలో చేర్చాలంటే ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించి అవసరమని చెప్పాలి. ఇలాంటి శిబిరం ఎవరు తెరిచినా ఆ చట్టం కిందికే తేవాలి. దానికంటే ముందు చేయగలిగింది వేరే ఉంది. పరిశీలన గృహాల్లోని పిల్లలకు, డీఅడిక్షన్ వార్డుల్లోని కుర్రాళ్లకు వారానికి ఒక పూట కొండో, చెరువో, విశాఖ తీరమో, వెంట శిక్షణ ఉన్న కోచ్, ఒక సైకాలజిస్టు. ప్రభుత్వాలు నడుపుతున్న గురుకులాల అనుభవం ఇప్పటికే ఉంది కాబట్టి ఇది కొత్తగా కనిపెట్టాల్సిన పని కాదు.

అమెరికాలో ఉన్న తెలుగు తల్లిదండ్రుల్లారా, ఇక్కడి తల్లిదండ్రుల్లారా, ఎవరైనా రంగుల బ్రోషర్ మీ చేతిలో పెడితే సంతకానికి ముందు కొన్ని అడగండి. మా పిల్లాడు రానంటే ఏం చేస్తారు? వారం మధ్యలో ఎవరూ పక్కన లేకుండా మాతో ఫోన్లో మాట్లాడగలడా? కడుపునొప్పి అంటే ఎంతసేపట్లో డాక్టరు చూస్తాడు? లైసెన్సు ఎవరిచ్చారు, చివరి తనిఖీ నివేదిక చూపిస్తారా? ఇంటికొచ్చాక ఆరు నెలలు ఎవరు కనిపెట్టి ఉంటారు? వీటిలో ఒక్కదానికైనా జవాబు నసిగితే పిల్లాణ్ని పంపకండి. వాడు రేపు ఫోన్ చేసి ఇక్కడ బాగాలేదు, తీసుకెళ్లిపొమ్మంటే, ముందు వెళ్లి తీసుకురండి. అబద్ధమో కాదో ఇంటికొచ్చాక తేల్చుకోవచ్చు.